భయాన్ని అమ్మే రెండు నిమిషాలు – హారర్ సినిమా ట్రైలర్లపై ఒక పరిశీలన



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు, చదువు విలువ గురించో క్రమశిక్షణ గురించో రాస్తామని అందరూ అనుకుని ఉంటారు. ఆ రెండింటి గురించి ప్రతి సంచికలోనూ పెద్దలు చక్కగా రాస్తూనే ఉన్నారు. మేము మాత్రం ప్రస్తుతం మేము చదువుతున్న విషయం గురించే రాయదలచుకున్నాం. జర్నలిజంలో పి.జి. చేస్తున్న మేము సెమినార్ కోసం ఎంచుకున్న అంశం "హారర్ సినిమాల ప్రచారంలో ట్రైలర్ల పాత్ర". ఈ మాట ఇంటికి ఫోన్ చేసి చెబితే, "దెయ్యాల మీద కూడా చదువుంటదా?" అని మా నాన్న ఆశ్చర్యపోయాడు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు కాబట్టి, ఏ చదువు దేనికి పనికొస్తుందో చెప్పే బాధ్యత కూడా మా మీదే ఉంది. ఆ రోజు నాన్నకు సరిగా చెప్పలేకపోయాం. ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాం.

ఇంకో మాట. ఇది రాస్తున్నది ఒక్కరమే అయినా "మేము" అనే రాస్తున్నాం. ఒకే గదిలో ఇరవై ట్రంకు పెట్టెల మధ్య పెరిగినవాళ్ళకు "నేను" అనడం అంత త్వరగా అలవాటు కాదు. పైగా ఈ వ్యాసం చివర చెప్పబోయే తప్పు కూడా ఒక్కరం చేసింది కాదు.

ట్రైలర్ అనే మాట ఎలా వచ్చింది?

ట్రైలర్ అంటే వెనక వచ్చేది అని అర్థం. ట్రాక్టర్ వెనక తగిలించే తొట్టిని కూడా మనం ట్రైలర్ అనే అంటాం కదా. అసలు సినిమాకు ముందు వచ్చేదానికి ఈ పేరెందుకు? అమెరికాలో మొదట్లో ఈ ప్రచార చిత్రాలను ఆడుతున్న సినిమా అయిపోయాక, దాని వెనక వేసేవారు. బొమ్మ అయిపోగానే జనం లేచి వెళ్ళిపోతున్నారని తర్వాత ముందుకు మార్చారు. చోటు మారినా పేరు మారలేదు.

మన ప్రాంతంలో ట్రైలర్ కంటే ముందే ఆ పని చేసినవి ఉన్నాయి. రిక్షాకు రెండు పక్కలా పోస్టరు అట్టలు కట్టి, మైకులో కథ సగం చెప్పి, "మిగతాది వెండితెరపై చూడండి" అంటూ ఊరంతా తిరిగేవారు. రంగు కాగితాల కరపత్రాలు పంచేవారు. వాటి కోసం పిల్లలు రిక్షా వెంట పరుగెత్తేవారని మా అమ్మ చెబుతుంది. సగం చెప్పి ఆపడం అన్నదే ట్రైలర్‌కు ప్రాణం. ఏ సినిమాకైనా ఇది వర్తిస్తుంది. హారర్ సినిమాకు మరీ ఎక్కువ.

ఎందుకంటే, ఫైటింగ్ సినిమా ట్రైలర్‌లో ఫైటింగ్ చూపించవచ్చు. హాస్య చిత్రం ట్రైలర్‌లో రెండు జోకులు వేయవచ్చు. హారర్ సినిమా ట్రైలర్‌కు ఒక చిక్కుంది. దెయ్యాన్ని చూపిస్తే అక్కడితో భయం పోతుంది, చూపించకపోతే టిక్కెట్టు తెగదు. ఈ రెండింటి మధ్య ఎంత చూపించాలి, ఎంత దాచాలి అన్నదే అసలు లెక్క. ఈ లెక్కను ఒక్కొక్కరు ఒక్కో విధంగా చేశారు. మా పరిశీలనలో అవి ఐదు రకాలుగా కనిపించాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి రకం: కథ చెప్పని టీజర్

టీజర్ అంటే ఊరించేది. నిమిషం, నిమిషంన్నర ఉంటుంది. ఇందులో కథ ఉండదు, ఒకే ఒక్క దృశ్యమో శబ్దమో ఉంటుంది. దీనికి గొప్ప ఉదాహరణ 1980లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన "ది షైనింగ్" టీజర్. తెరమీద ఒక హోటల్ వసారా. మూసి ఉన్న లిఫ్టు తలుపులు. పక్కన కుర్చీలు. కెమెరా కదలదు. పేర్లు కింది నుంచి పైకి మెల్లగా వెళ్తుంటాయి. వినబడీ వినబడని సంగీతం క్రమంగా పెరుగుతుంది. పేర్లు అయిపోయాక లిఫ్టు తలుపు పక్క నుంచి నెత్తురు వరదలా పొంగి వస్తుంది. కుర్చీలు కొట్టుకొస్తాయి. చివరికి కెమెరా అద్దం కూడా ఎర్రగా మునిగిపోతుంది. అంతే. హీరో ఎవరో, కథ ఏమిటో, ఆ నెత్తురు ఎవరిదో ఒక్క ముక్క చెప్పరు.

1979లో రిడ్లీ స్కాట్ తీసిన "ఏలియన్" ట్రైలర్ కూడా ఈ కోవకే దగ్గర. అందులో మాటలు ఉండవు. ఒక గుడ్డు పగులుతుంది, లోపలి నుంచి వెలుగు వస్తుంది. తర్వాత సైరన్‌లాంటి కీచు శబ్దం మీద దృశ్యాలు గబగబా మారిపోతాయి. చివర్లో, అంతరిక్షంలో ఎంత అరిచినా వినేవాళ్ళు ఉండరనే అర్థం వచ్చే ఒక్క వాక్యం. గుడ్డులోంచి వచ్చే జంతువు ఎలా ఉంటుందో మాత్రం చూపించరు.

ఇక్కడ మనం గమనించవలసింది ఏమిటంటే, టీజర్ చూసినవాడు ఇంటికి వెళ్ళి ఆ ఖాళీని తనే పూరించుకుంటాడు. ఎవడికి చీకటి అంటే భయమో వాడు చీకటిని, ఎవడికి పామంటే భయమో వాడు పామును అక్కడ పెట్టుకుంటాడు. ఆ పని చేసినందుకు నిర్మాతకు పైసా ఖర్చు కాదు.

రెండో రకం: పూర్తి ట్రైలర్

ఇది రెండు, రెండున్నర నిమిషాలు ఉంటుంది. థియేటర్లలో మనం ఎక్కువగా చూసేది దీన్నే. దీనికి దాదాపుగా ఒక అచ్చు ఉంది. 2013లో జేమ్స్ వాన్ దర్శకత్వంలో వచ్చిన "ది కంజూరింగ్"ను తీసుకుందాం. ఒక కుటుంబం, ఐదుగురు ఆడపిల్లలు, పల్లెలో ఒక పాత ఇల్లు. పిల్లలు కళ్ళకు గంతలు కట్టుకుని దాగుడుమూతలు ఆడతారు. దాక్కున్నవాళ్ళు చప్పట్లు కొట్టాలి, ఆ చప్పుడును బట్టి వెతకాలి. చూడటానికి ముచ్చటగా ఉండే ఆట. తల్లి గంతలు కట్టుకుని వెతుకుతుంటే బీరువాలోంచి రెండు చేతులు బయటికి వచ్చి చప్పట్లు కొడతాయి. ఆ చేతులు పిల్లలవి కావు. ఆ సంగతి తల్లికి తెలియదు, మనకు తెలుసు.

ఈ ట్రైలర్ పేరుపొందడానికి కారణం అందులోని చప్పట్లేనని మా అభిప్రాయం. భయపెట్టడానికి వాళ్ళు కొత్త వస్తువేదీ తేలేదు. మనం రోజూ కొట్టే చప్పట్లనే తీసుకున్నారు. సినిమా చూసి ఇంటికి వెళ్ళాక రాక్షసుడు ఎదురుపడడు గానీ చప్పట్లు ఎక్కడో ఒకచోట వినబడతాయి.

పూర్తి ట్రైలర్ అచ్చును ఇలా చెప్పుకోవచ్చు. మొదట ప్రశాంతమైన ఇల్లు. తర్వాత చిన్న తేడా. అది నమ్మని ఒక మనిషి. నమ్మే ఇంకో మనిషి. అక్కడి నుంచి వేగం పెరిగి, అరుపులు, పరుగులు. ఒక్కసారిగా తెర నల్లబడి నిశ్శబ్దం. సినిమా పేరు. అయిపోయిందని మనం ఊపిరి వదిలే సమయానికి ఆఖరి దెబ్బ. మళ్ళీ ఎప్పుడైనా చూసినప్పుడు ఈ మెట్లు లెక్కపెట్టండి. శబ్దం సంగతి కూడా గమనించండి. పెద్ద చప్పుడు మనల్ని ఉలిక్కిపడేలా చేస్తుంది, నిజమే. కానీ దానికి ముందు రెండు మూడు క్షణాలు చప్పుడే లేకుండా చేస్తారు. చెవులు రిక్కించి వింటున్నవాడి మీదే ఆ దెబ్బ బాగా పనిచేస్తుంది. శబ్దం తీసేసి ఒక హారర్ ట్రైలర్ చూడండి. సగం భయం పోతుంది. ఈ ప్రయోగం మేము హాస్టల్ మిత్రులతో చేసి చూశాం, ఇద్దరు నవ్వేశారు కూడా.

థియేటర్లో వేసే ట్రైలర్‌కు మన దేశంలో సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. అమెరికాలోనైతే అందరికీ చూపించదగ్గ దాని ముందు పచ్చ పట్టీ, పెద్దలకు మాత్రమే పనికొచ్చే దాని ముందు ఎర్ర పట్టీ వేస్తారు. ఒకే సినిమాకు రెండు రకాలూ తయారు చేయడం మామూలే. తమాషా ఏమిటంటే, ఎర్ర పట్టీయే కొందరికి ఆహ్వానపత్రికలా పనిచేస్తుంది. చూడొద్దన్నది చూడాలనిపించడం మనిషి గుణం.

మూడో రకం: దర్శకుడే వచ్చి మాట్లాడేది

1960లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ "సైకో" సినిమాకు చేసిన ట్రైలర్ ఆరు నిమిషాలకు పైగా ఉంటుంది. అందులో సినిమా దృశ్యాలు వేయలేదు. హిచ్‌కాక్ స్వయంగా వచ్చి, ఇల్లు అద్దెకు చూపించే మనిషిలాగా, కథ జరిగిన లాడ్జీని, దాని వెనక ఉన్న పాత ఇంటిని తిప్పి చూపిస్తాడు. మెట్ల దగ్గర ఆగి ఇక్కడ ఏమి జరిగిందో చెప్పబోయి, ఘోరం అన్నట్టు తల తిప్పుకుంటాడు. ఒక గదిలో ఏదో చూసి వాక్యం సగంలో ఆపేస్తాడు. చివరికి స్నానాల గదిలోకి వెళ్ళి, అంతా శుభ్రం చేసేశారని చెబుతూ తెర లాగుతాడు. ఒక స్త్రీ కెవ్వున అరుస్తుంది.

ఆ అరిచిన నటి వీరా మైల్స్. సినిమాలో ఆ స్నానాల గది దృశ్యంలో ఉన్నది జానెట్ లీ. అంటే ట్రైలర్ ఆఖరి క్షణంలో కూడా అసలు రహస్యాన్ని ఆయన బయటపెట్టలేదు. సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకు షరతు కూడా పెట్టాడు. సుమారు 8 లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమా ఆయన పెద్ద విజయాల్లో ఒకటయింది. ఈ రకం ట్రైలర్‌కు చెప్పే మనిషే పెట్టుబడి. మన పల్లెల్లో దెయ్యం కథ చెప్పే తాత కూడా ఇంతే. ఆయన మధ్యలో ఆగి చుట్ట వెలిగించుకునేటప్పుడే మనకు ఎక్కువ భయం వేస్తుంది.

నాలుగో రకం: చూసినవాళ్ళ భయాన్ని చూపించేది

ఓరెన్ పెలీ అనే ఆయన తన సొంత ఇంట్లోనే, సుమారు 15 వేల డాలర్ల ఖర్చుతో "పారానార్మల్ యాక్టివిటీ" అనే సినిమా తీశాడు. 2007లో ఒక చిత్రోత్సవంలో మొదట చూపించారు. 2009లో పెద్దఎత్తున విడుదలైంది. పేరున్న నటులు లేరు, పెద్ద సెట్టింగులు లేవు. ఇక ట్రైలర్‌లో ఏమి చూపించాలి? వాళ్ళు తెరవైపు ఉన్న కెమెరాను జనం వైపు తిప్పారు. థియేటర్లో చీకట్లో కూడా కనబడే కెమెరాతో, సినిమా చూస్తున్నవాళ్ళను చిత్రీకరించారు. ఒకమ్మాయి కళ్ళు మూసుకుంటుంది. ఒకడు కుర్చీలోంచి ఎగిరి పడతాడు. పక్కవాడి చొక్కా పట్టుకుంటారు. తెరమీద వాళ్ళు చూస్తున్నది మనకు కొద్దిగానే కనిపిస్తుంది.

దీనికి తోడు, మా ఊళ్ళో ఈ సినిమా వేయండి అని జనమే ఓట్లు వేసే ఏర్పాటు చేశారు. 10 లక్షల కోరికలు వస్తే దేశమంతా విడుదల చేస్తామన్నారు. వచ్చాయి, విడుదల చేశారు. ప్రపంచం మొత్తం మీద 19 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది.

కంపెనీ "మా సినిమా భయంగా ఉంటుంది" అంటే మనం నమ్మం. పక్కింటివాడు వణికితే నమ్ముతాం. సంతలో గిరాకీ ఉన్న కొట్టుకే ఇంకో పదిమంది వెళ్ళినట్టు, భయపడ్డ మొహం చూస్తే మనకూ భయం వేస్తుంది.

ఐదో రకం: నిజమని నమ్మించేది

ఇది అన్నిటికంటే బలమైనది. మేము ఎక్కువ కాలం చదివింది కూడా దీని గురించే. 1999లో "ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్" అనే సినిమా వచ్చింది. డేనియల్ మైరిక్, ఎడ్వార్డో సాంచెజ్ దర్శకులు. ఒక మంత్రగత్తె గురించి డాక్యుమెంటరీ తీయడానికి ముగ్గురు విద్యార్థులు అడవిలోకి వెళ్ళి మాయమయ్యారు, వాళ్ళు తీసిన వీడియో తర్వాత దొరికింది, అదే ఈ సినిమా అని కథ. మంత్రగత్తె కథ కల్పితం. విద్యార్థులు నటులు. కానీ ఆ ముగ్గురికీ సినిమాలో కూడా వాళ్ళ సొంత పేర్లే పెట్టారు.

విడుదలకు ముందే ఇంటర్నెట్‌లో ఒక సైట్ పెట్టి, పోలీసు విచారణ వివరాల్లాంటివి, పాత చరిత్రలాంటివి అందులో ఉంచారు. తప్పిపోయినవారి ప్రకటనల్లాంటి కాగితాలు పంచారు. టీవీలో నిజమైన పరిశోధనలాగా కనిపించే ఒక కార్యక్రమం వేశారు. ఇంటర్నెట్ అప్పుడప్పుడే ఇళ్ళకు వస్తున్న రోజులు. చాలామంది నిజమేననుకున్నారు. మొదట షూటింగుకు కొన్ని పదుల వేల డాలర్లే అయిన ఆ సినిమా దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ప్రచారం గురించి చదివే ప్రతి విద్యార్థికీ ఇది పాఠ్యాంశం.

పాఠ్యాంశంలో సాధారణంగా కిందికి పోయే ఇంకో భాగం ఉంది. ముగ్గురూ చనిపోయారని జనం నమ్మాలి కాబట్టి, బతికి ఉన్న ఆ నటులను విడుదల సమయంలో బయట కనపడనీయలేదు. వాళ్ళలో ఒకమ్మాయి తల్లికి సానుభూతి ఉత్తరాలు వచ్చాయి. కూతురు బతికే ఉండగా, కూతురు పోయినందుకు ఓదార్పు! సినిమా వచ్చిన పాతికేళ్ళకు, 2024లో, ఆ ముగ్గురూ తమకు రావలసిన న్యాయమైన ప్రతిఫలం ఇవ్వమని బహిరంగంగా కోరవలసి వచ్చింది.

ఇదే దారిలో తర్వాత చాలా వచ్చాయి. 2022లో "స్మైల్" అనే సినిమాకు, బేస్‌బాల్ ఆట జరుగుతున్న స్టేడియంలో టీవీ కెమెరాకు కనబడే చోట నటులను కూర్చోబెట్టారు. వాళ్ళు రెప్ప వేయకుండా, కదలకుండా, అదే పనిగా నవ్వుతూ ఉంటారు. ఆట చూస్తున్నవాళ్ళు ముందు జడుసుకున్నారు, తర్వాత ఆ దృశ్యాలను ఒకరికొకరు పంపుకున్నారు. కానీ ఈ రెండింటికీ తేడా ఉంది. నవ్వుతున్న మనిషి ఎవరో కాసేపట్లోనే అందరికీ తెలిసిపోయింది. అడవిలో మాయమైన విద్యార్థుల సంగతి అలా కాదు.

మాట తప్పిన ట్రైలర్

ట్రైలర్ ఒక రకంగా ప్రేక్షకుడికి ఇచ్చే మాట. మాట తప్పితే ఏమవుతుందో 2017లో వచ్చిన "ఇట్ కమ్స్ ఎట్ నైట్" చూపించింది. రాత్రిపూట ఏదో వస్తుందని పేరే చెబుతోంది. ట్రైలర్‌లో ఎర్ర తలుపు, చీకటి, అడవి వైపు మొరిగే కుక్క. బయట ఏదో ఉందనుకుని జనం వెళ్ళారు. సినిమాలో ఏ భూతమూ లేదు. ఒక అంటురోగం, రెండు కుటుంబాల మధ్య అనుమానం, అంతే. విమర్శకులు మెచ్చుకున్నారు. కానీ థియేటర్ల దగ్గర ప్రేక్షకుల చేత మార్కులు వేయించే సినిమాస్కోర్ అనే సంస్థ లెక్కలో దానికి "డి" గ్రేడు వచ్చింది. సినిమా చెడ్డది కాదు. ట్రైలర్ వేరే సినిమాను వాగ్దానం చేసింది.

మేము వేసిన ట్రైలర్

ఇక ఈ అంశం ఎందుకు ఎంచుకున్నామో చెప్పాలి.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు హాస్టల్ వెనక, మరుగుదొడ్లకు వెళ్ళే దారిలో తాళం వేసిన పాత స్టోరు గది ఉండేది. ఒక ఆదివారం టీవీలో దెయ్యం సినిమా చూశాక, మేము ఐదుగురం ఆ గదికి ఒక కథ కట్టాం. అప్పుడు మాకు టీజర్ అంటే ఏమిటో, ట్రైలర్ అంటే ఏమిటో తెలియదు. కానీ పైన చెప్పిన ఐదు రకాలనూ వరసగా వాడాం.

మొదట రెండు రోజులు ఏమీ చెప్పకుండా, "రాత్రిపూట ఆ గది వైపు చూడొద్దు" అని మాత్రం ఆరో తరగతి పిల్లలతో అన్నాం. ఎందుకన్నా అని అడిగితే మొహాలు చూసుకుని ఊరుకున్నాం. తర్వాత కథ చెప్పాం. చెప్పేవాడు మాలో బాగా మాట్లాడేవాడు, మధ్యమధ్య ఆగేవాడు. ఆ పైన గది గుమ్మం దగ్గర పగిలిన గాజు ముక్కలు, కుంకుమ వేసి, పొద్దున్నే వాళ్ళకు కనపడేలా చేశాం. ఒక రాత్రి మాలో ఒకడు ఆ దారి నుంచి అరుచుకుంటూ పరుగెత్తి వచ్చి పడిపోయినట్టు నటించాడు. ఆ రాత్రి చిన్నపిల్లలందరూ ఒకే దుప్పట్లో దూరారు. మేము నవ్వుకుని పడుకున్నాం.

ఆరో తరగతిలో ఒక తమ్ముడు ఉండేవాడు. లెక్కలు బాగా చేసేవాడు. ఆ తర్వాత వాడు సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేశాడు. రాత్రి బయటికి వెళ్ళవలసి వస్తుందని భయం. అయినా రెండు మూడు సార్లు పక్క తడిపాడు. పిల్లలు ఎగతాళి చేశారు. మేము కూడా నవ్వాం. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. వాళ్ళ అమ్మానాన్నలతో మిరప కోతలకు వెళ్ళాడని తర్వాత తెలిసింది. హాజరు పట్టీలో వాడి పేరు మీద గీత కొడుతూ, "ఎందుకు రాలేదో మీకెవరికైనా తెలుసా?" అని సారు అడిగారు. మేము ఐదుగురం తలలు వంచుకుని కూర్చున్నాం. వాడి ఇంట్లో ఇబ్బందులు ఉండి ఉండవచ్చు, వేరే కారణాలూ ఉండవచ్చు. అయినా వాడికి ఇక్కడ ఉండాలనిపించకుండా చేసినవాళ్ళలో మేము ఉన్నామన్నది నిజం.

పోయిన సంవత్సరం ఊరికి వెళ్తుంటే బస్సులో వాడు కలిశాడు. వాడే గుర్తుపట్టి, "బాగున్నావా అన్నా, పెద్ద చదువు చదువుతున్నావంట కదా" అని పలకరించాడు. ఒక టైల్స్ కొట్టులో పనిచేస్తున్నానని చెప్పాడు. తన స్టాపు దగ్గరపడుతుండగా మెల్లగా అడిగాడు.

"అన్నా, ఆ గదిలో అసలేముండేదన్నా?"

"ఏమీ లేదురా. విరిగిన బెంచీలు, సున్నం డబ్బాలు. కథంతా మేమే కట్టాం. తప్పయిపోయింది తమ్ముడూ."

వాడు కాసేపు కిటికీలోంచి చూసి, "నాకు అప్పుడే అనుమానం ఉందన్నా. కానీ రాత్రిపూట ఆ అనుమానం పనికిరాలేదు" అని దిగి వెళ్ళిపోయాడు.

సెమినార్‌కు అంశం ఇమ్మని మాస్టారు అడిగినప్పుడు మాకు ఆ మాటే గుర్తుకొచ్చింది.

ముగింపు

హారర్ సినిమాలు చూడొద్దని మేము చెప్పడం లేదు. మేమూ చూస్తాం, ఇష్టంగానే చూస్తాం. డబ్బులిచ్చి, స్నేహితుల మధ్య కూర్చుని, రెండు గంటలు భయపడి బయటికి రావడంలో ఒక ఆనందం ఉంది. అక్కడ మనకు ఒక సౌకర్యం ఉంది. అది సినిమా అని మనకు తెలుసు, లేచి బయటికి రావడానికి తలుపు ఉంది. ఆరో తరగతి పిల్లవాడికి మేము ఆ రెండూ లేకుండా చేశాం. ట్రైలర్ వేసి, సినిమా ఎప్పటికీ వేయలేదు. గది తలుపు ఒక్కసారి తెరిచి చూపించి ఉంటే ఆ భయం అదే రోజు పోయేది.

ఇప్పుడు మన చేతుల్లోని ఫోన్లలోకి సినిమా ట్రైలర్లే కాదు, ఆ పద్ధతిలోనే తయారైన అనేక విషయాలు వస్తున్నాయి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారంటూ, ఫలానా నీళ్ళు తాగితే చస్తారంటూ వచ్చే వీడియోలు కూడా సగం చూపించి ఆపుతాయి, భయపడ్డ మొహాలు చూపిస్తాయి, నిజమని ప్రమాణం చేస్తాయి. చూసినప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో ఏది చూపించకుండా దాచారు? నేను భయపడితే ఎవరికి లాభం? దీన్ని సరిచూసుకోవడానికి నేను తెరవగలిగిన తలుపు ఏది? నాన్న అడిగిన ప్రశ్నకు మా సమాధానం కూడా ఇదే. మేము చదువుతున్నది దెయ్యాల గురించి కాదు, మనుషులు ఎలా నమ్ముతారు, ఎలా నమ్మిస్తారు అన్న దాని గురించి.

సీనియర్ విద్యార్థులకు ఒక విన్నపం. కొత్తగా చేరిన పిల్లలను మొదటి రోజే పగటిపూట హాస్టలంతా తిప్పండి. మూసి ఉన్న గదులు కూడా వార్డెన్ గారిని అడిగి తాళం తీయించి చూపించండి. రాత్రి మరుగుదొడ్డికి వెళ్ళడానికి భయపడేవాడికి తోడు వెళ్ళండి. పక్క తడిపినవాడిని చూసి నవ్వకండి. దారిలో బల్బు పోతే ఆ రోజే చెప్పి వేయించండి. పాత విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మధ్యలో ఆగిపోయిన తమ తోటివారి చిరునామాలు ఉంటే తెలియజేయండి. ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాసే వీలు ఇప్పటికీ ఉంది. బస్సులో కలిసిన తమ్ముడికి ఆ దరఖాస్తు సంగతి మేము ఫోన్లో చెప్పాం. ఆలోచిస్తానన్నాడు.

అభ్యాసం

1. "మసూద" (2022), "విరూపాక్ష" (2023) ట్రైలర్లు చూసి, పైన చెప్పిన ఐదు రకాల్లో ఏ పద్ధతులు వాడారో రాయండి.

2. ఒక హారర్ ట్రైలర్‌ను మొదట శబ్దంతో, తర్వాత శబ్దం లేకుండా చూసి తేడాలు రాయండి.

3. మీ ఊళ్ళో అందరూ నమ్మే ఒక భయం కథ తీసుకోండి. దాన్ని మొదట ఎవరు చెప్పారు, ఎవరు చూశారు, ఎవరు సరిచూశారు అని పెద్దలను అడిగి తెలుసుకోండి.